10×9 పడకగదికి పరుపు: ఆరుంపావు బై ఐదా, ఆరున్నర బై ఆరా?

సాగరతీరం (ప్రశ్న)

విశాఖపట్నంలో మూడో అంతస్తు ఫ్లాట్, లిఫ్ట్ లేదు. పడకగది లోపలి కొలత తూర్పు పడమరలు 122 అంగుళాలు, ఉత్తర దక్షిణాలు 108. పడమటి గోడకు 24 అంగుళాల లోతు వార్డ్‌రోబ్ ఉంది. దాని తలుపులు ఒక్కోటి 18 అంగుళాల వెడల్పు, బయటికి తెరుచుకుంటాయి. అదే గోడ దక్షిణం చివర గది తలుపు, 30 అంగుళాలు, లోపలికి తెరుచుకుంటుంది. బాత్రూం తలుపు దక్షిణం గోడలో, తూర్పు గోడ నుంచి 66 అంగుళాల దగ్గర మొదలవుతుంది, బాత్రూంలోకే తెరుచుకుంటుంది. ఉత్తరం గోడకు కిటికీ, దాని గట్టు నేల నుంచి 30 అంగుళాల ఎత్తు. తల తూర్పుకే పెట్టాలని మా అత్తయ్యగారి మాట, అది మార్చలేం.

పడుకునేది ముగ్గురం. మావారు 5 అడుగుల 9 అంగుళాలు, 84 కిలోలు, వెల్లకిలా పడుకుంటారు. నేను 5 అడుగుల 2 అంగుళాలు, 58 కిలోలు, పక్కకు తిరిగి పడుకుంటాను. బాబుకి మూడేళ్ళు, పక్క తడపడం ఇంకా పూర్తిగా మానలేదు. నాకు పొద్దున లేచేసరికి నడుం పట్టేసినట్టు ఉంటుంది. ఏసీ రాత్రి రెండు మూడు గంటలే వేస్తాం.

షాపులో 78×72, 10 అంగుళాల మందం మెమరీ ఫోమ్ తీసుకోమంటున్నారు. మంచం కూడా కొత్తగా చేయించాలి. ఏ కొలత, ఏ రకం, ఎంత మందం? కారణాలతో చెప్పగలరా?

చెక్కపని

గది కొలతలు ఇంత వివరంగా ఇచ్చారు కాబట్టి లెక్క వేయడం తేలిక. ముందు ఒక మాట గుర్తుపెట్టుకోండి: గదిలో చోటు తినేది పరుపు కొలత కాదు, మంచం బయటి కొలత. మామూలు బాక్స్ మంచానికి తల వైపు పలక 3 అంగుళాలు, కాళ్ళ వైపు చెక్క, మైకా, వదులు కలిపి ఇంకో అంగుళం. అంటే పొడవులో పరుపు కన్నా 4 అంగుళాలు ఎక్కువ. వెడల్పులో రెండు పక్కలా కలిపి 2 అంగుళాలు.

మీ గది పొడవు 122. వార్డ్‌రోబ్‌కి 24 పోతే 98 మిగిలింది. 78 పరుపు వేస్తే మంచం 82, కాళ్ళ దగ్గర మిగిలేది 16 అంగుళాలు. మీ వార్డ్‌రోబ్ తలుపు 18. అది తెరుచుకోదు. ఆ షాపువాళ్ళు చెప్పిన కొలత ఇక్కడే పోయింది, మిగతా లెక్క అక్కర్లేదు.

75 వేస్తే 19 మిగులుతుంది, తలుపు అంగుళం తేడాతో తప్పించుకుంటుంది. 72 వేస్తే 22. కానీ మీవారి ఎత్తే 69 అంగుళాలు. వెల్లకిలా పడుకున్నప్పుడు పాదాలు ముందుకు వాలతాయి, తలగడ వల్ల మనిషి కొంచెం కిందికి జరుగుతాడు. ఎత్తు మీద కనీసం 5 అంగుళాలు ఉండాలి. కాబట్టి 75.

19ని 21 చేసుకునే దారి ఉంది. తల పలకను మంచానికి కాకుండా గోడకు బిగించండి, మందం అంగుళం దాటకుండా. మంచం దానికి ఆనించి వేస్తారు. అలా 2 అంగుళాలు కలిసొస్తాయి. వార్డ్‌రోబ్‌కి పక్కకు జరిగే తలుపులు పెట్టిస్తే సరిపోతుందని ఎవరైనా అంటారు, ఒప్పుకోకండి. ఆ పట్టాలకే లోతులో 3 నుంచి 4 అంగుళాలు పోతాయి, హ్యాంగర్లు లోపల పట్టవు.

వెడల్పు సంగతి. ఉత్తరం గోడకు మంచం ఆనించకుండా 4 అంగుళాలు వదలండి. దుప్పటి అంచు దోపడానికి చెయ్యి దూరాలి, వానాకాలం గోడ చెమ్మ పరుపుకు ఎక్కకూడదు. 60 పరుపు అయితే మంచం 62, గోడ దగ్గర 4 పోను దక్షిణం వైపు 42 అంగుళాల నడవ. 72 అయితే 30.

మంచం చేయించే ముందు ఆ కొలతకు పాత పేపర్లు నేల మీద పరిచి అంచులకు టేపు అంటించండి. ఒక రోజంతా అవి తొక్కకుండా తిరగండి, వార్డ్‌రోబ్‌లో అడుగు సొరుగు లాగి, ఎదురుగా వంగి చూడండి. కాగితం మీద లెక్కలో తేలనిది అక్కడ తేలుతుంది.

ఇద్దరు పిల్లల ఇల్లు

చెక్కపని గారి పొడవు లెక్కతో ఏకీభవిస్తాను. వెడల్పు దగ్గర నా మాట వేరు. 60లో ముగ్గురంటే మనిషికి 20 అంగుళాలు. మూడేళ్ళ పిల్లాడు నిద్రలో అడ్డంగా తిరుగుతాడు, ఆ 20 కూడా మిగలదు. 75×72 వేసినా 30 అంగుళాల నడవ ఉంటుంది, మనిషి నడవడానికి అది చాలు. గది తలుపు తిరిగే జాగా కూడా మంచానికి తగలదు.

ఇబ్బంది రెండు చోట్ల. ఒకటి, గోడ వైపు దుప్పటి సర్దాలంటే 72 అంగుళాలు దాటి చెయ్యి చాచాలి, రోజూ మంచం ఎక్కి సర్దాల్సిందే. రెండు, గోడ వైపు పడుకున్నవాళ్ళు రాత్రి లేవాలంటే మిగతా ఇద్దరినీ దాటాలి.

కిటికీ గురించి ఎవరూ చెప్పలేదు, అది ముందు చూడండి. మంచం 14 అంగుళాలు, పరుపు 10 అయితే పైభాగం 24కి వస్తుంది. కిటికీ గట్టు 30. అంటే పరుపు మీద నిలబడిన బాబుకి గట్టు 6 అంగుళాలే, ఒక మెట్టు ఎత్తు కూడా కాదు. మూడో అంతస్తు. దోమల జాలీ పిల్లాడి బరువు ఆపదు. గ్రిల్ లేకపోతే పరుపు కొనేలోపే పెట్టించండి, కమ్మీల మధ్య 4 అంగుళాల కన్నా తక్కువ సందు ఉండేలా.

ఫోమ్ లెక్కలు

రకం, మందం గురించి నేను చెబుతాను.

షాపుల్లో పరుపును మందంతో అమ్ముతారు. 6 కన్నా 8, 8 కన్నా 10 మంచిదన్నట్టు. నిజానికి బరువు మోసేది సాంద్రత. ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందో అదే సాంద్రత. చవక పరుపులో మామూలు పీయూ (పాలీయూరిథేన్) ఫోమ్ 18 నుంచి 25 మధ్య ఉంటుంది. 84 కిలోల మనిషి రోజూ పడుకుంటే నడుం కింద గుంట పడేది దీంట్లోనే. హెచ్‌ఆర్ ఫోమ్, అంటే నొక్కితే వెంటనే పైకి లేచే రకం, 32 నుంచి 40 ఉండాలి. ముక్కలు కలిపి అతికించిన బాండెడ్ ఫోమ్ 80 నుంచి 100 పైన. అది అడుగు పొరగానే పనికొస్తుంది, పైన అదే ఉంటే బల్ల మీద పడుకున్నట్టుంటుంది.

సాంద్రత వేరు, గట్టితనం వేరు. 40 సాంద్రతలో మెత్తటి ఫోమూ ఉంటుంది, 23 సాంద్రతలో గట్టిదీ ఉంటుంది. షాపులో చేత్తో నొక్కి చూస్తే గట్టితనం తెలుస్తుంది, ఎన్నాళ్ళు నిలుస్తుందో తెలియదు. దానికి కాటా కావాలి. 75×60×6 అంగుళాలంటే 0.44 ఘనపు మీటర్లు. మొత్తం 40 సాంద్రత ఫోమ్ అయితే దాదాపు 17.7 కిలోలు, 32 అయితే 14.2, 23 అయితే 10.2. కవరు ఒకటిన్నర రెండు కిలోలు కలుపుకోండి. 40 అని చెప్పిన పరుపు కాటా మీద 12 కిలోలే తూగితే మాట తేడా ఉన్నట్టే. ఇంటికి తెచ్చాక బరువు చూసే యంత్రం మీద మీరు నిలబడి ఒకసారి, పరుపు చుట్టతో ఒకసారి చూస్తే సరిపోతుంది.

కవరుకు జిప్ ఉన్నదే తీసుకోండి. షాపులోనే జిప్ తీయించి పక్క నుంచి పొరలు చూడండి. ‘మెమరీ ఫోమ్ పరుపు’ అన్నదాంట్లో చాలాసార్లు మెమరీ ఫోమ్ అర అంగుళమే ఉంటుంది, అదీ కవరుకు కలిపి కుట్టేసి. కింద అంతా మామూలు ఫోమ్. పొరల మధ్య నిలువుగా అతుకు గీతలు కనిపిస్తే అది మిగులు ముక్కలతో కూర్చిన పరుపు. బల్ల మీద పెట్టిన చిన్న నమూనా ముక్క చూసి నమ్మకండి.

మీ గదికి 2-3 గంటల ఏసీయే కాబట్టి మందపాటి మెమరీ ఫోమ్ వద్దంటాను. ఒంటి వేడికి మెత్తబడి ఒంటిని చుట్టుకోవడం దాని గుణం, అందుకే వీపు చుట్టూ గాలి ఆడదు. ఏసీ ఆగాక మే నెలలో విశాఖ ఉక్కలో చెమట పడుతుంది.

నేను చెప్పేది: కింద 4 అంగుళాల బాండెడ్, 90 సాంద్రత, పైన 2 అంగుళాల హెచ్‌ఆర్, 40 సాంద్రత. బడ్జెట్ ఉంటే పై 2 అంగుళాలు లాటెక్స్ (రబ్బరు పాలతో చేసే ఫోమ్) వేయించుకోండి, సన్నటి రంధ్రాలుంటాయి, గాలి ఆడుతుంది. బరువు లెక్క: బాండెడ్ 26.5 కిలోలు, హెచ్‌ఆర్ 6 కిలోలు, కవరుతో కలిపి 34 దాకా. ఇద్దరు మోసుకుని మూడో అంతస్తు ఎక్కించగలరు. బిల్లు మీద ‘90 బాండెడ్ 4 అంగుళాలు, 40 హెచ్‌ఆర్ 2 అంగుళాలు’ అని పొరల వారీగా రాయించుకోండి. బ్రాండ్ పేరూ ధరా మాత్రమే ఉన్న బిల్లు తర్వాత అక్కరకు రాదు.

స్ప్రింగ్ పరుపు అనుకుంటే ముందు మెట్ల మలుపు కొలవండి. చుట్టి ప్యాక్ చేసిన ఫోమ్ పరుపు 60 అంగుళాల పొడవు చుట్ట, ఎక్కడైనా తిరుగుతుంది. చుట్టకుండా వచ్చే 75×60 స్ప్రింగ్ పరుపు 36 అంగుళాల మెట్ల మలుపులో తిరగకపోవచ్చు, రెయిలింగ్ పైనుంచి ఎత్తాల్సి రావచ్చు. వంచి తీసుకెళ్తే అంచు తీగ వంగిపోతుంది, ఇక సరిగా పరుచుకోదు.

ఫిజియో కాకినాడ

నడుం గురించి. ‘ఆర్థోపెడిక్’ అనేది పరుపు మీద కంపెనీ వేసుకునే పేరు, ఏ వైద్యుడో పరీక్షించాడని దానికి అర్థం కాదు. నడుం నొప్పికి ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదన్నది కూడా పాత నమ్మకమే. స్పెయిన్‌లో దీర్ఘకాలం నడుం నొప్పి ఉన్న 313 మంది మీద చేసిన పరీక్ష 2003లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. 90 రోజుల తర్వాత గట్టి పరుపు వాడినవాళ్ళ కన్నా మధ్యస్థ గట్టితనం పరుపు వాడినవాళ్ళకే నొప్పీ ఇబ్బందీ ఎక్కువ తగ్గాయి.

మీరు పక్కకు తిరిగి పడుకుంటారు, 58 కిలోలు. మరీ గట్టి పరుపులో మీ భుజం, తుంటి దిగవు, నడుం గాలిలో వేలాడుతుంది. మీవారికి వెల్లకిలా, బరువు ఎక్కువ, మెత్తని పరుపులో తుంటి దిగిపోతుంది. ఫోమ్ లెక్కలు గారు చెప్పినట్టు కింద గట్టి పొర, పైన 2 అంగుళాల మెత్తటి పొర ఇద్దరికీ మధ్యేమార్గం.

షాపులో ఇద్దరూ వెళ్ళి చెప్పులు విడిచి 10 నుంచి 15 నిమిషాలు మీరు రోజూ పడుకునే తీరులో పడుకోండి, తలగడతో సహా. వెల్లకిలా పడుకున్నప్పుడు నడుం కింద చెయ్యి దూర్చాలి: సులువుగా అటునుంచి ఇటు వచ్చేస్తే గట్టి ఎక్కువ, అసలు దూరకపోతే మెత్తన ఎక్కువ, కొంచెం ఒరుసుకుంటూ దూరితే సరి. పక్కకు పడుకున్నప్పుడు ముక్కు, గొంతు గుంట, బొడ్డు ఒకే గీతలో ఉన్నాయా అని రెండోవాళ్ళు చూడాలి.

మీ నొప్పి కాలిలోకి దిగుతున్నా, తిమ్మిరి ఉన్నా, పగలంతా తగ్గకపోయినా పరుపు మార్చి ఎదురుచూడకండి, డాక్టరుకు చూపించుకోండి.

గంగవరం గాలి

తీరప్రాంతం వాళ్ళకు పరుపు పైకన్నా అడుగు ముఖ్యం. రాత్రి ఒంటి చెమట ఆవిరి పరుపులోంచి కిందికి దిగుతుంది. కింద మైకా అంటించిన ప్లైవుడ్ పలక ఉంటే అక్కడే ఆగిపోతుంది. వానాకాలం దాటాక పరుపు ఎత్తి చూస్తే అడుగున తుంటి ఉండే చోట బూడిద రంగు చుక్కలు, ముక్కిన వాసన. అది బూజు. పైన దుప్పటి ఎన్నిసార్లు ఉతికినా ఆ వాసన పోదు.

మంచానికి పట్టీలు వేయించగలిగితే అదే మేలు. పట్టీ 3 అంగుళాలు, సందు 2 నుంచి రెండున్నర, 3 దాటితే ఫోమ్ సందుల్లోకి దిగుతుంది. మధ్యలో పొడవునా ఒక దూలం, దానికి నేలను తాకే కాలు తప్పనిసరి. పరుపు మధ్యలో కుంగిపోయిందని చెప్పే చాలా కేసుల్లో కుంగింది ఈ కాలు లేని మంచం. పలకే కావాలంటే అంగుళం రంధ్రాలు 6 అంగుళాలకొకటి చొప్పున తొలిపించండి, పలకకు మైకా వద్దు.

కొబ్బరి పీచు పరుపు గాలి ఆడుతుంది, చల్లగా ఉంటుంది, ధరా తక్కువ. కానీ పక్క తడిపే పిల్లలున్న ఇంట్లో వద్దు. పీచును పట్టి ఉంచేది రబ్బరు పాలు. తడి దిగి ఆ పట్టు పోతే పీచు విడిపోతుంది, మంచం కింద గోధుమరంగు పొడి రాలుతుంది. బూరుగు దూది పరుపు ఇంకా హాయి, కానీ వారం వారం ఎండ వేయాలి, కొన్నాళ్ళకు విప్పి దూది ఏకించి మళ్ళీ కుట్టించాలి. మూడో అంతస్తు నుంచి డాబా మీదికి ఎవరు మోస్తారో ముందే తేల్చుకోండి. ఫోమ్, లాటెక్స్ పరుపులకు మాత్రం ఎండ తగలనివ్వకూడదు, పెళుసుబారి పొడి అవుతాయి. వాటికి ఫ్యాను గాలి చాలు.

బాబు కోసం పరుపు రక్షణ కవరు మొదటి రోజు నుంచే. పైన టర్కీ టవల్ బట్ట, అడుగున నీళ్ళు దిగనివ్వని పలుచటి టీపీయూ పూత ఉన్నది కొనండి. రెక్సిన్‌లా చప్పుడు చేసే ప్లాస్టిక్ కవరు ఉక్కపోస్తుంది. ఉతికేది చన్నీళ్ళలో, ఇస్త్రీ వద్దు, వేడికి పూత ఊడిపోతుంది. రెండు ఉంచుకోండి. చాలా వారంటీ కార్డుల్లో పరుపు మీద మరక ఉంటే క్లెయిమ్ చెల్లదని రాసి ఉంటుంది, అందుకైనా కవరు కావాలి.

సాగరతీరం

అందరికీ చాలా థ్యాంక్స్ అండీ. కిటికీ సంగతి అసలు తట్టలేదు, గ్రిల్ పని ఈ వారమే చేయిస్తాం. పరుపు 75×60, 6 అంగుళాలు, 4+2 పొరలు అనుకుంటున్నాం. ఇంకా మూడు సందేహాలు. బాబును ఎక్కడ పడుకోబెట్టాలి? పలక పైకి లేచి కింద సామాను పెట్టుకునే హైడ్రాలిక్ రకం మంచం చేయించవచ్చా? చుట్టి వచ్చిన పరుపు ఇంత చిన్న గదిలో ఎలా విప్పాలి?

చెక్కపని

బాబుకి 60×30, 4 అంగుళాల మూడు మడతల పరుపు తీసుకోండి. మీ నడవ 42. తూర్పు గోడ మూలకు జరిపి వేస్తే పొడవు 60 దగ్గర ఆగిపోతుంది, బాత్రూం తలుపు 66 దగ్గర మొదలు కాబట్టి అడ్డం రాదు. దాని పక్కన 12 అంగుళాలే మిగులుతుంది, కాబట్టి మీరు కాళ్ళ వైపు నుంచి దిగాలి. పగలు మడవకుండానే (మడిస్తే 12 అంగుళాల ఎత్తవుతుంది) మంచం కింద తోసేయచ్చు. నేల మీద నేరుగా వేసి అలాగే వదిలేయొద్దు, గంగవరం గారు చెప్పిన బూజు అక్కడ ఇంకా త్వరగా వస్తుంది. రోజూ పొద్దున కాసేపు ఎత్తి నిలబెట్టి, ఆ తర్వాతే మంచం కిందికి తోయండి.

ఇక్కడే హైడ్రాలిక్‌తో పేచీ వస్తుంది. పెట్టె మంచం అయితే కింద పరుపు తోయడానికి చోటుండదు. రెండింట్లో ఒకటి ఎంచుకోవాలి. హైడ్రాలిక్ చేయిస్తే పంపులు పలకా పరుపూ కలిపిన బరువుకు సరిపోవాలి. మీ పరుపే 34 కిలోలు, ఆ సంగతి మిస్త్రీకి ముందే చెప్పండి. పంపు బలం చాలకపోతే పైకెత్తిన మూత మన మీద పడుతుంది, మరీ ఎక్కువైతే మూత పూర్తిగా మూసుకోదు. పలక లేచినప్పుడు పరుపు తల వైపు జారకుండా గోడ పలక ఆపుతుంది, దించేటప్పుడు కాళ్ళ వైపు జారకుండా 2 అంగుళాల ఇనప కడ్డీ బిగించాలి. పిల్లాడున్న ఇంట్లో మూత ఎత్తి ఉన్నప్పుడు ఒకరు దగ్గర ఉండాల్సిందే.

మంచం లోపలి కొలత మిస్త్రీకి పరుపు వచ్చాక కొలిచి ఇవ్వండి. 75×60 అని రాసిన పరుపు అర అంగుళం అటూ ఇటూ ఉంటుంది. పరుపు కన్నా లోపలి కొలత అర అంగుళమే ఎక్కువ ఉండాలి. రెండు వేళ్ళు దూరేంత సందు పడితే పరుపు కదులుతుంది, అంచు అరుగుతుంది.

ఫోమ్ లెక్కలు

విప్పడం గురించి. మీ 4+2 పరుపులో బాండెడ్ పొర ఉంది కాబట్టి అది గాలి తీసి గట్టిగా చుట్టి కాకుండా మామూలుగా వచ్చే అవకాశం ఎక్కువ. ఆర్డరు ఇచ్చేటప్పుడే అడగండి, మామూలుగా వస్తే మెట్ల దగ్గర నిలువుగా పట్టుకుని కొద్దిగా వంచి తిప్పుకోవచ్చు, ఫోమ్‌కి నష్టం లేదు.

చుట్టి వస్తే నేల మీద విప్పకండి, ఆ గదిలో మళ్ళీ ఎత్తి మంచం మీద వేయడానికి చోటుండదు. చుట్టను మంచం మీద తల వైపు అడ్డంగా పెట్టి, బయటి ప్లాస్టిక్‌ను మాత్రం మొండి కత్తెరతో అంచు వెంట కోయండి. బ్లేడు వాడితే కవరు తెగుతుంది. తర్వాత లోపలి సీలు చిన్న గాటు పెడితే గాలి పీల్చుకుంటూ దానంతట అదే కాళ్ళ వైపు పరుచుకుంటుంది. 24 గంటలు కిటికీ తెరిచి ఉంచండి, వాసన తగ్గుతుంది. మూలలు పూర్తిగా లేవడానికి 72 గంటల దాకా పట్టచ్చు. కొని చుట్టలోనే నెలల తరబడి దాచకూడదు.

మొదటి మూడు నెలలు నెలకోసారి, తర్వాత మూడు నెలలకోసారి తల వైపు కాళ్ళ వైపుకు తిప్పండి. బోర్లించొద్దు, మెత్తటి పొర పైనే ఉండాలి. 75×60 పరుపు మూల నుంచి మూలకు 96 అంగుళాలు, మీకు వార్డ్‌రోబ్ పోను 98 ఉంది. కాబట్టి పరుపును ముందు దక్షిణానికి, పడమటికి కొంచెం లాగి పడుకోబెట్టే తిప్పేయచ్చు. 78×72 అయితే మూల నుంచి మూలకు 106, నిలబెట్టి తిప్పాల్సి వచ్చేది. అప్పుడు ఫ్యాను రెక్కల భయం కూడా.

కుంగిందో లేదో చూడాలంటే దుప్పటి తీసి, పరుపు మీద అడ్డంగా ఒక తిన్నటి కర్ర లేదా దారం బిగించి పెట్టి, దాని కింద గుంట లోతు స్కేలుతో కొలవండి. కంపెనీలు ఎక్కువగా అంగుళం లేదా ఒకటిన్నర దాటిన గుంటకే వారంటీ ఇస్తాయి. కొన్న రోజు ఒకసారి కొలిచి, స్కేలు కనబడేలా ఫోటో తీసి బిల్లుతో పాటు ఉంచండి.